సెల్ టవర్ లేవకముందే ఏ కాయితం అడగాలి, ఎవరిని అడగాలి

పొద్దున లేచేసరికి పక్క ప్లాటులో సున్నం గీతలు. మధ్యాహ్నానికి జేసీబీ. సాయంత్రానికి మనిషి లోతు గుంత, పక్కన ఇనుప చువ్వల కట్టలు. "ఏం కడుతున్రన్నా?" అంటే మేస్త్రికి తెలీదు, ప్లాటు ఓనరు ఫోనెత్తడు. మూడో రోజుకు గానీ గల్లీకి అర్థం కాదు, అది సెల్ టవరని. ఇక ధర్నా మొదలు.

నల్లగొండలో మా గల్లీలో జరిగింది ఇదే. రేడియేషనన్నాం, క్యాన్సరన్నాం, పిచ్చుకలు చస్తాయన్నాం. రెండు వారాలు టెంటు వేసుకుని కూర్చున్నాం. టవర్ మాత్రం లేచింది. కొన్నాళ్లకు ఇంకో వార్డులో ఒక పాత మేడ మీద టవర్ పెట్టబోతే అక్కడివాళ్లు టెంటు వేయలేదు. ఆ మేడ బరువు మోస్తుందని ఇంజినీరు ఇచ్చిన సర్టిఫికెట్ చూపించమని ఒకే ఒక్క దరఖాస్తు పెట్టారు. చూపించలేకపోయారు, పని ఆగింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: కాంక్రీటు పోయకముందే కాయితం అడగండి, అదీ దానికి బాధ్యుడైన ఆఫీసులోనే అడగండి.

మీరు స్థలం ఇచ్చే ఓనరైనా, పక్కింటివారైనా ఇది మీకు పనికొస్తుంది. ఓనరు చేయాల్సిన పనులు ముందు చెబుతాను. ఎందుకంటే ఓనరు సరిగ్గా అడిగితే పక్కింటివాళ్ల బాధ సగం అక్కడే తీరిపోతుంది.

ముందు ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోండి

మనవాళ్లు టవర్ గొడవ రాగానే సర్పంచ్ దగ్గరికో కౌన్సిలర్ దగ్గరికో పోతారు. వాళ్ల చేతిలో ఉన్నది కొంతే. తరంగాలు, వాటి తీవ్రత, లైసెన్సు కేంద్ర ప్రభుత్వ టెలికం శాఖవి. భవనం గట్టిదనం, చెరువు హద్దు, లేఅవుట్ స్థలం మున్సిపాలిటీవి లేదా పంచాయతీవి. భూమి రికార్డు తహసీల్దారుది. కరెంటు మీటరు విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎస్పీడీసీఎల్‌ది. జనరేటర్ మోత కాలుష్య నియంత్రణ మండలిది. ఒక దరఖాస్తులో ఇవన్నీ కలిపి రాస్తే ప్రతి ఆఫీసూ "ఇది మాది కాదు" అని తిప్పి పంపుతుంది. ఒక్కో విషయం ఒక్కో కాయితం మీద రాయండి.

చట్టం సంగతికొస్తే, 2016 నవంబర్‌లో కేంద్రం రైట్ ఆఫ్ వే (టవర్లకు, కేబుళ్లకు స్థలం వాడుకునే హక్కు) నియమాలు తెచ్చింది. 5జీ వస్తున్నప్పుడు 2022 ఆగస్టులో వాటిని సవరించింది. ఆ సవరణ ప్రకారం ప్రైవేటు స్థలంలో టవర్‌కు ఓనరుతో ఒప్పందం ఉంటే చాలు, స్థానిక సంస్థ విడిగా అనుమతి ఇవ్వనక్కర్లేదు. కానీ ప్రైవేటు మేడ మీద టవర్ గానీ పోలు గానీ నిలబెట్టాలంటే పని మొదలుపెట్టకముందే స్థానిక సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. భవనం వివరాలు ఇవ్వాలి, స్ట్రక్చరల్ ఇంజినీరు సర్టిఫికెట్ జతచేయాలి. ఆ తర్వాత 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది, దాని కింద చేసిన కొత్త రైట్ ఆఫ్ వే నియమాలు 2025 జనవరి 1 నుంచి నడుస్తున్నాయి. ప్రైవేటు స్థలంలో ఓనరు ఒప్పందమే ఆధారమన్న పద్ధతి అలాగే ఉంది. ప్రభుత్వ, పంచాయతీ, మున్సిపల్ స్థలమైతే ఆ సంస్థకు దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాల్సిందే.

"ఇండ్ల మధ్యన టవర్ పెట్టొద్దని రూలుంది కదా" అని చాలామంది నమ్ముతారు. నమ్మకండి. కేంద్రం 2013 ఆగస్టు 1 నుంచి అమలుచేయమని రాష్ట్రాలకు పంపిన సూచనల్లో నివాస ప్రాంతం, బడి, ఆస్పత్రి అంటూ స్థలాన్ని బట్టి నిషేధం లేదు. ఆ వాదనతో వెళ్తే మొదటి మెట్టు మీదే ఓడిపోతారు.

ఓనరు మొదటి పని: వచ్చింది అసలువాడేనా?

"మీ పొలంలో టవర్ పెడతాం, లక్షల్లో అడ్వాన్సు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం" అని మెసేజ్ వస్తే అది టవర్ కంపెనీ కాదు, దొంగ. ఇందులో అనుమానానికి తావు లేదు. మొదట రిజిస్ట్రేషన్ ఫీజంటారు, తర్వాత ఎన్ఓసీ ఖర్చంటారు, ఆ తర్వాత ట్యాక్సు, ఇన్సూరెన్సు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ముద్ర వేసిన ఉత్తరం కూడా వాట్సాప్‌లో పంపుతారు. ట్రాయ్ టవర్ల కోసం ఎవరికీ ఎన్ఓసీ ఇవ్వదు, పన్నులు వసూలు చేయదు. ఆ సంగతి ట్రాయ్‌నే ఎన్నోసార్లు ప్రకటించింది. అసలు కంపెనీ మీకు డబ్బిస్తుంది గానీ మీ దగ్గర రూపాయి అడగదు.

అసలు కంపెనీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మోసం తేలిగ్గా కనిపిస్తుంది. సిగ్నల్ ఎక్కడ తగ్గుతోందో వాళ్ల ఇంజినీర్లు మ్యాపు మీద ఒక చుట్టు గీసుకుంటారు. ఆ చుట్టులో పడ్డ స్థలమే వాళ్లకు కావాలి. అందుకే వాళ్ల మనిషి నేరుగా వచ్చి చూస్తాడు, కొలుస్తాడు, ఫొటోలు తీస్తాడు. మీరు ఎక్కడున్నారో తెలియకుండా "మీ స్థలం సెలెక్టయింది" అనేవాడికి ఆ చుట్టుతో పనేం ఉంటుంది?

ఇంకో మాట. సిమ్ అమ్మే కంపెనీ వేరు, టవర్ కట్టే కంపెనీ వేరు. ఇండస్ టవర్స్ లాంటివి టవర్ నిలబెట్టి సిమ్ కంపెనీలకు అద్దెకిస్తాయి. ఇలాంటి కంపెనీలకు టెలికం శాఖ దగ్గర ఐపీ-1 అనే రిజిస్ట్రేషన్ ఉంటుంది. వచ్చినవాడిని ఆ సర్టిఫికెట్ నకలు, కంపెనీ అతనికిచ్చిన అధికార పత్రం అడగండి. నసిగితే టీ తాగించి పంపించేయండి.

మోసపు మెసేజ్‌ను సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని చక్షు విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఖాతాల మధ్య చేతులు మారకముందే ఆపించగలిగేది మొదటి గంటల్లోనే.

రెండో పని: ఆ గుంటలు ఎలాంటి భూమి?

నేల మీద నిలబెట్టే టవర్‌కు రెండు మూడు గుంటలు చాలు. ఆ మాత్రం దానికే మన జిల్లాల్లో పెద్ద చిక్కులు ఉంటాయి.

మొదటిది అసైన్డ్ భూమి. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో పేదలకు ప్రభుత్వం పంచిన భూములు చాలా ఉన్నాయి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా. అంటే ఇలా పంచిన లావుని పట్టా భూమిలో టవర్‌కు లీజు రాసిస్తే చట్టం తప్పినట్టే. ప్రభుత్వం ఆ భూమిని వెనక్కి తీసుకోవచ్చు. నెల నెలా వచ్చే అద్దె చూసి ఎకరాల భూమిని పణం పెట్టకండి. ఇనాం, వక్ఫ్, దేవాదాయ భూములైతే 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో, సర్వే నంబరు ఉందేమో ముందే చూసుకోండి.

రెండోది అన్నదమ్ముల వాటా. పాసుపుస్తకం ఒకరి పేరు మీద ఉంటుంది, సాగు ఇంకొకరు చేస్తుంటారు, పంపకం పెద్దమనుషుల నోటి మాటతో అయిపోయి ఉంటుంది. టవర్ కంపెనీ లాయరు ఎవరి సంతకం అడుగుతాడో వాళ్లు మాత్రమే చేస్తారు. అద్దె మొదటి నెల బ్యాంకులో పడగానే మిగతావాళ్లు వస్తారు. లీజుకు ముందే అందరి సంతకం, అద్దె ఎవరి ఖాతాలో ఎంత పడాలన్నది రాసుకోండి.

మూడోది సాగు భూమి. ఆ రెండు గుంటలు ఇక వ్యవసాయం కాదు. 2006 నాలా చట్టం ప్రకారం వ్యవసాయేతర భూమిగా మార్పు చేయించాలి, ఫీజు కట్టాలి. ఆ ఫీజు ఎవరు కడతారో ఒప్పందంలో రాయించండి. ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా సాగుకు పనికొచ్చే భూమికే కాబట్టి, ఆ మేరకు తగ్గుతుందని కూడా లెక్క వేసుకోండి. 40 గుంటల్లో రెండు గుంటలు పోతే పోయేది 600 రూపాయలు. పెద్ద నష్టమేం కాదు. కానీ మార్పు చేసేటప్పుడు పొరపాటున సర్వే నంబరంతా మార్చేస్తే ఆ తప్పు సరిదిద్దుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో మీకే తెలుసు. గుంటల లెక్క, హద్దులు అర్జీలో స్పష్టంగా రాయండి.

చెరువు పక్కనైతే ఇంకో లెక్క. 2012 భవన నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూముల నుంచి 9 మీటర్లు వదలాలి. ఎండాకాలంలో నీళ్లెక్కడ ఆగాయో చూసి కొలవకండి, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఆగే ఎఫ్‌టీఎల్ గీత నుంచి కొలవాలి. అలంపురం నవబ్రహ్మ ఆలయాల లాంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం దగ్గరైతే మొదటి 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. అమ్రాబాద్ అడవిలోనైతే అటవీ శాఖ అనుమతులు లేకుండా గడ్డపార దించలేరు. నల్లమలలో సిగ్నల్ ఆలస్యంగా వెళ్లడానికి అదొక కారణం. పెంటల్లో, అంటే అడవి గూడేల్లో ఉన్న చెంచు కుటుంబాలకు 108కి ఫోన్ కలవాలంటే గుట్టెక్కాలి. టవర్ వద్దనే మనం అది కూడా ఒకసారి తలుచుకోవాలి.

మూడో పని: మేడ మోస్తుందా?

మేడ మీద పెట్టే టవర్‌లో ఇనుప కంబాలు ఒక్కటే కాదు, బ్యాటరీ పెట్టెలు, రేడియో పెట్టెలు, కేబుళ్లు కలిస్తే బరువు బాగా ఉంటుంది. దానికి తోడు గాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం లేచే ఈదురుగాలి మీ రేకుల షెడ్డును ఎక్కడికి తీసుకుపోతుందో చూసే ఉంటారు. టవర్‌ను అదే గాలి తోస్తుంటే ఆ తోపు నేరుగా పిల్లర్ల మీద పడాలి. అందుకే అడుగు బీములు పిల్లర్ల నెత్తిన కూర్చోవాలి, ఉత్తి స్లాబు మీద కాదు.

ఇక్కడ మూడు విషయాలు గట్టిగా అడగండి. సర్టిఫికెట్ ఇచ్చిన ఇంజినీరు నిజంగా మేడ చూశాడా? పిల్లర్లలో ఎంత కడ్డీ వేశారు, పునాది ఎంత లోతు అని మిమ్మల్ని అడగని ఇంజినీరు సర్టిఫికెట్ కంప్యూటర్ ముందు కూర్చుని రాసింది. ఆ ఇంజినీరుకు ఆ అధికారం ఉందా? మున్సిపాలిటీ గుర్తించిన స్ట్రక్చరల్ ఇంజినీరైనా కావాలి, ఐఐటీ, ఎన్ఐటీ లాంటి సంస్థైనా కావాలి. మనకు దగ్గరలో వరంగల్ ఎన్ఐటీ ఉంది. చివరగా, మీ ఇంటి ప్లానులో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉంది? రెండు అంతస్తులకు అనుమతి తీసుకుని మూడోది వేసుకున్న ఇళ్లు మన టౌన్లలో ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు. ఆ మూడో అంతస్తు మీద టవర్ పెడితే పక్కింటివాళ్ల ఫిర్యాదు టవర్ దగ్గర ఆగదు, మీ మూడో అంతస్తు దాకా వస్తుంది.

రాతి గోడల మీద స్లాబు వేసిన పాత ఇళ్లు, పిల్లర్లు లేని ఇళ్లు ఎంత పెద్దవైనా టవర్‌కు ఇవ్వకండి. అద్దె ఎంతన్నా సరే.

నాలుగో పని: అగ్రిమెంటు

దేవరకొండ వైపు మా పెదనాన్న వేపచెట్టు కింద కూర్చుని సంతకం పెట్టాడు. ఇంగ్లీషులో 14 పేజీలు. చదివి చెప్పేవాళ్లు ఎవరూ లేరు, వచ్చిన కుర్రాడు "అంతా మామూలే పెద్దాయనా" అన్నాడు. టవర్ రెండు గుంటల్లోనే కట్టారు, ఆ మాట నిజం. కానీ దాని దగ్గరికి పోవడానికి రోడ్డు నుంచి బాట కావాలి కదా. పత్తి చేను మధ్యలోంచి ట్రాక్టరు పట్టేంత బాట పడింది. డీజిల్ తెచ్చే బండి వానాకాలంలో దిగబడితే పక్క సాలు మీదికి మళ్లింది, ఏడాదికి బాట రెండింతలైంది. కాయితం తీసి చూస్తే "ఎప్పుడైనా, ఏ సమయంలోనైనా రాకపోకల హక్కు" అని ఉంది. వెడల్పు లేదు, ఏ గట్టు మీంచి పోవాలో లేదు.

కాబట్టి సంతకానికి ముందు తెలుగులో చదివించుకోండి. కింది విషయాలు ఎలా రాశారో ఒక్కొక్కటిగా చూసుకోండి.

ఎప్పటి నుంచి అద్దె? సంతకం పెట్టిన రోజు నుంచేనని మీరు అనుకుంటారు. చాలా ఒప్పందాల్లో పని మొదలైన రోజు నుంచో, టవర్ సిద్ధమైన రోజు నుంచో అని ఉంటుంది. ఆ రోజు రాకపోతే మీ స్థలం ఏళ్ల తరబడి ఊరికే కట్టుబడి ఉంటుంది. "సంతకమైన ఇన్ని నెలల్లో పని మొదలుపెట్టకపోతే ఒప్పందం రద్దు" అని రాయించండి.

ఎవరు బయటపడగలరు? సాధారణంగా కంపెనీ నోటీసిచ్చి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. ఓనరు మాత్రం పదేళ్లు, పదిహేనేళ్లు కదలడానికి వీల్లేదు. పూర్తిగా సమానం చేయమంటే ఒప్పుకోరు. కానీ ఇన్ని నెలలు అద్దె ఆగితే ఓనరు రద్దు చేసుకోవచ్చన్న మాట పెట్టించుకోవచ్చు.

టవర్‌ను తీసేసేది ఎవరు? 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసినప్పుడు టవర్ కంపెనీలకు రావాల్సిన డబ్బే ఆగిపోయింది. ఖాళీగా నిలబడ్డ ఇనుము కింద అద్దె కోసం ఎదురుచూసిన ఓనర్లు దేశమంతా ఉన్నారు. ఒప్పందం ముగిశాక ఎన్ని రోజుల్లో ఇనుము, బీములు, కాంక్రీటు తీసేసి స్థలం మునుపటిలా చేయాలో రాయించండి. "నా స్థలంలో ఉంది కాబట్టి నాదే, తుక్కుకు అమ్ముకుంటా" అనుకోవద్దు. 2023 చట్టం 14వ సెక్షన్ ప్రకారం టవర్ మీ ఆస్తిలో భాగం కాదు.

అదే సెక్షన్‌తో మీకొక లాభం కూడా ఉంది. మొబైల్ టవర్ల మీద ఆస్తిపన్ను వేయొచ్చని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ కేసులో చెప్పింది. కొత్త చట్టం దాన్ని మార్చింది, ఆస్తిపన్ను లెక్కలో టవర్‌ను ఆ ఆస్తిలో భాగంగా చూడకూడదంది. ఈ భాగం 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. టవర్ పేరు చెప్పి మీ ఇంటి పన్ను పెంచితే ఈ సెక్షన్ చూపించి అర్జీ పెట్టండి.

రెండో సిమ్ కంపెనీ వచ్చి అదే టవర్ మీద యాంటెన్నాలు తగిలిస్తే అదనపు అద్దె ఉందా? కరెంటు ఎవరి మీటరు? కంపెనీ పేరు మీద విడి మీటరు ఉండాలి. ఇంటి మీటరు నుంచి తీగ లాగనిస్తే బిల్లు మీది, కేసు మీది. పై అంతస్తు వేసుకోవాలంటే? టవర్ కింద స్లాబు మీద మళ్లీ మీరు ఇటుక పెట్టలేరు, అందుకే పిల్లల పెళ్లిళ్లకు, పై గదులకు ఆ మేడ మీదే ఆశ పెట్టుకున్నవారు ఇవ్వకపోవడమే మంచిది. తగువు వస్తే ఏ ఊళ్లో? చాలా ఒప్పందాల్లో ఢిల్లీ, గుర్గావ్ అని ఉంటుంది. నల్లగొండ కోర్టు లేదా మహబూబ్‌నగర్ కోర్టు అని మార్పించండి, ఇది అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

ఏడాది దాటిన ఏ లీజైనా సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టర్ కావాలి. స్టాంపు ఖర్చు తప్పించుకోవడానికి నోటరీ చాలంటే ఒప్పుకోకండి. రేపు కోర్టులో ఆ కాయితం నిలబడదు, నష్టపోయేది మీరే. నెల అద్దె 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, పాన్ నంబరు ఇచ్చి రిటర్నులో చూపించి తిరిగి తీసుకోవచ్చు.

ఇక పక్కింటివాళ్లు

సున్నం గీతలు కనిపించిన రోజే ఫొటో తీయండి, తేదీతో. ఓనరు దగ్గరికి గొడవకు కాకుండా మాట్లాడటానికి వెళ్లండి. వంద గజాల దూరంలో ఉన్న మనిషిని శత్రువును చేసుకుంటే మిగతా ఇరవై ఏళ్లూ ఇబ్బందే. చాలాసార్లు ఓనరుకే పై విషయాలు తెలియవు. మీరు చెప్పాక ఆయనే వెనక్కి తగ్గొచ్చు.

ఆయన తగ్గకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డున్నవారికి ఎక్కడా లేదు. మున్సిపాలిటీ పౌర సమాచార అధికారికి ఇలా రాయండి:

"ఫలానా వార్డు, ఫలానా ఇంటి నంబరు భవనంపై నిర్మిస్తున్న మొబైల్ టవర్ గురించి సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద కోరుతున్న నకళ్లు: 1. కంపెనీ మీ కార్యాలయానికి ఇచ్చిన రాతపూర్వక సమాచారం. 2. దానికి జతచేసిన స్ట్రక్చరల్ సర్టిఫికెట్. 3. ఆ భవనానికి మీరు ఆమోదించిన ప్లాను. 4. ఈ టవర్‌పై మీ సిబ్బంది చేసిన తనిఖీ నివేదిక, ఉంటే."

"ఎందుకు అనుమతిచ్చారు?" అని ప్రశ్న వేయకండి. ఆ చట్టం ఉన్న కాయితాలు ఇప్పిస్తుంది, సంజాయిషీలు ఇప్పించదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. కానీ టవర్ 30 రోజులు ఆగదు. అందుకే అదే రోజు మున్సిపల్ కమిషనర్‌కు విడిగా ఒక ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి: "స్ట్రక్చరల్ సర్టిఫికెట్ పరిశీలించేవరకు పని ఆపించగలరు". పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, ఎంపీడీఓకు. గ్రామసభ తీర్మానం చేస్తే బలమే, కానీ అందులో కూడా భవనం, బాట, చెరువు, లేఅవుట్ పార్కు స్థలం లాంటి స్థానిక సంస్థ చేతిలో ఉన్న కారణాలే రాయండి. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలంలో టవర్ అంటే అది ప్రైవేటు ఒప్పందం కాదు, ఆ స్థలం మున్సిపాలిటీది. అక్కడ మీ మాటకు చాలా బరువుంటుంది.

రేడియేషన్ కొలిపించడం

భయం ఉంటే వాదించడం కన్నా కొలిపించడం మేలు. 2012 సెప్టెంబర్ 1న మన దేశం టవర్ తరంగాల పరిమితిని అంతర్జాతీయ సంస్థ పెట్టినదానిలో పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 దగ్గర 0.9. కొత్త యాంటెన్నా పనిచేయించే ముందు పరిమితికి లోబడే ఉందని సిమ్ కంపెనీ టెలికం శాఖకు స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలి.

2017 మేలో మొదలైన తరంగ్ సంచార్ వెబ్‌సైట్‌లో మీ చిరునామా కొడితే చుట్టుపక్కల టవర్లు మ్యాపులో కనిపిస్తాయి. అక్కడే 4,000 రూపాయలు కట్టి కొలతకు అర్జీ పెట్టొచ్చు. టెలికం శాఖ సిబ్బంది వచ్చి కొలిచి నివేదిక ఇస్తారు. పది ఇళ్లు కలిస్తే తలా 400.

కొలిచే చోటు ఎంచుకోవడంలో తెలివి చూపండి. టవర్ కిందే నిలబడి "ఇక్కడ కొలవండి" అంటే అంకె తక్కువే వస్తుంది. పొడవుగా, పలకల్లా నిలువుగా కట్టినవి సెక్టార్ యాంటెన్నాలు. టార్చిలైటును అడ్డంగా పట్టుకుంటే వెలుతురు పాదాల మీద పడదు కదా, ఇవీ ముందుకే కొడతాయి. కాబట్టి వాటికి ఎదురుగా అంతే ఎత్తులో ఉన్న మేడ పైగదిలో కొలిపించండి. 2013 సూచనల్లో దూరాల లెక్క ఉన్నది కూడా అలాంటి ఇంటి కోసమే: ఒక యాంటెన్నాకు 20 మీటర్లు, రెండింటికి 35, నాలుగింటికి 45, ఆరింటికి 55. డప్పులా గుండ్రంగా ఉన్నవి ఇంకో టవర్‌తో మాట్లాడే మైక్రోవేవ్ డిష్‌లు. జనం వాటిని చూసే ఎక్కువ భయపడతారు, భయపడాల్సినవి అవి కావు.

నా అభిప్రాయం అడిగితే, టవర్ తరంగాల భయం కొలతకు నిలబడేది అరుదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ తరంగాలను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు" అనే 2బి వర్గంలో పెట్టింది. 2017లో గ్వాలియర్‌లో ఒక టవర్‌ను ఆపమని సుప్రీంకోర్టు చెప్పిన సందర్భమూ ఉంది. కానీ సిగ్నల్ బలహీనమైన చోట మన చెవికి ఆనించుకున్న ఫోనే టవర్‌ను అందుకోవడానికి ఎక్కువ శక్తితో పనిచేస్తుంది. టవర్‌ను దూరంగా తరిమిన గల్లీలో జరిగేది అదే.

జనరేటర్, తాళం, పిడుగు

అసలు నిద్ర చెడగొట్టేది తరంగం కాదు, డీజిల్ జనరేటర్. కరెంటు పోయిన ప్రతిసారీ మోగుతుంది. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు, పగలు 55. జనరేటర్ కప్పుకు మీటరు దూరంలో 75 దాటకూడదు. ఫోన్‌లో డెసిబెల్ యాప్‌తో మీ పడకగది కిటికీ దగ్గర మూడు రాత్రులు రాసుకోండి. అది అధికారిక కొలత కాదు గానీ కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చే ఫిర్యాదుకు మంచి ఆధారం. జనరేటర్‌ను ఇంకో మూలకు మార్చమని, లేదా బ్యాటరీలు పెంచమని అడగండి. టవర్ తీసేయమంటే కాదంటారు గానీ, ఇది అడిగితే కంపెనీవాళ్లు వింటారు.

కంచె, తాళం సంగతి ఓనరే పట్టించుకోవాలి. మన దగ్గర సెల్ టవరనగానే సిగ్నల్ కన్నా ముందు గుర్తొచ్చేది భూమి పట్టా కోసమో పింఛను కోసమో టవరెక్కి దిగనంటున్న మనిషి, కింద పోలీసులు, వల పట్టుకున్న ఫైర్‌ సిబ్బంది. గేటు తాళం ఊడిపోయి నెలలైనా ఎవరూ వేయలేదంటే అది మీ ఇంటి ముందు జరిగేదే. టవర్ పైన పిడుగును పట్టే కడ్డీ, దాని తీగ నేలలోకి దిగే ఎర్త్ గుంత సరిగా ఉన్నాయా అని ఏడాదికొకసారి వానాకాలానికి ముందు కంపెనీతో చూపించండి. ఎండిన ఎర్త్ గుంత ఉన్నా లేనట్టే.

ఎక్కడా పని కాకపోతే

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. అన్ని కాయితాల నకళ్లు వరుసగా పిన్ను కొట్టి తీసుకుపోండి: ఫొటోలు, కమిషనర్‌కు ఇచ్చిన ఫిర్యాదు ముద్రతో, ఆర్టీఐ దరఖాస్తు, వచ్చిన జవాబు. మొదటి పేజీలో పది పంక్తులకు మించి రాయకండి. ఒక్కటే అడగండి, అదీ కలెక్టర్ చేయగలిగినది. 2023 చట్టంలో రైట్ ఆఫ్ వే తగాదాలను తీర్చే అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కే ఉంది, కాబట్టి ఇది ఉత్తి మొర కాదు. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు. అక్కడా తేలకపోతే హైకోర్టులో రిట్. అప్పుడు మీ లాయరు అడిగే మొదటి కాయితం ఆ రసీదే.

మా పెదనాన్న ఒప్పందం గడువు ముగిసి మళ్లీ రాసుకునే సమయం వచ్చింది. ఈసారి ఆయన తన షరతులు తెలుగులో ఒక పేజీ రాయించి పెట్టుకున్నాడు. అద్దె ఊసు నాలుగో పంక్తిలో ఉంది. మొదటి పంక్తిలో: "బాట తూర్పు గట్టు మీంచి, పది అడుగుల వెడల్పు, అంతకు మించి లేదు."